మ్యాట్రెస్ మాట వెంట పులివెందుల దాకా

జమ్మలమడుగు వెళ్ళొచ్చానని చెప్పగానే మా తెనాలిలో ప్రతివాళ్ళూ ముందు అడిగింది, "గండికోట చూశావా?" అని. చూశాను. పెన్నా నది అక్కడ కొండను నిలువునా కోసుకుని పోతుంది, బాగానే ఉంది. కానీ నేను అంతదూరం బస్సులో నడుం విరగ్గొట్టుకుని వెళ్ళింది లోయ కోసం కాదు, పరుపు కోసం. ఆ మాట వినగానే అందరూ ముక్కుమీద వేలేసుకున్నారు. తెనాలిలో పరుపులు దొరకవా అని మా పక్కింటావిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

సంగతి ఇది. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఒక మాసపత్రికకు నెలకో పేజీ రాస్తున్నాను. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం నా పని. ఆ నెల మాట మ్యాట్రెస్. దాని పుట్టిల్లు ఇంగ్లండు కాదు, అరబ్బు దేశం. అరబీలో 'తరహ' అంటే విసిరివేయడం. విసిరివేసే చోటు, ఆపైన అలా నేలమీద పడేసి కూర్చునే మెత్త, 'మత్రహ్'. ఆ మెత్తల మీద కూర్చుని సుఖం మరిగిన యూరపువాళ్ళు వస్తువుతో పాటు మాటనూ పట్టుకుపోయారు. అది ఇటలీలో ఒక వేషం వేసి, ఫ్రాన్సులో ఇంకో వేషం వేసి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి మ్యాట్రెస్ అయింది. ఇదంతా రాసి, చివర్లో "కనుక పాఠకులారా, మీరు రోజూ పడుకునేది పారేసిన దాని మీద" అని ఒక చమత్కారం కూడా తగిలించాను.

పత్రిక వచ్చిన కొద్దిరోజులకు ఫోను.

"మేడం, నా పేరు హుస్సేనమ్మ. మాది ప్రొద్దుటూరు. పరుపులు కుడతాం. మీరు రాసింది మా పక్కింటి పాప సదివి ఇనిపించింది. మాట నిజమే, నేను కువైటులో ఇన్నా. అర్థమే తప్పు రాసినారు."

నా జీవితమంతా ఇంకొకళ్ళ వ్యాసాలు ఏకి పారేసినదాన్ని. నాకు తప్పు చెప్పడమా? ఎలా తప్పో చెప్పమన్నాను. "ఫోన్లో చెప్తే అర్థం కాదు, ఒగసారి వచ్చి సూడండి" అని పెట్టేసింది. సంచి సర్దుకున్నాను.

ప్రొద్దుటూరు: బొరుగులతో పలహారం

బస్టాండులో హుస్సేనమ్మను గుర్తుపట్టడం కష్టం కాలేదు. నలభై దాటిన బలమైన మనిషి, జడలో అక్కడక్కడ దూది పింజలు. ఆమె భర్త ఖాసీం పక్కనే ట్రాలీ ఆటో పెట్టుకుని నిలబడ్డాడు. ఆటో వెనక దూది ఏకే మిషను, దాని మీద పట్టా. ఊరూరా తిరిగి, పిలిచిన ఇంటిముందే పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం వాళ్ళ జీవనం. ఖాసీం నమస్కారం పెట్టి మళ్ళీ సాయంత్రం దాకా నోరు విప్పలేదు.

ముందు పలహారం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు నలభై. ఉగ్గాని అంటే మన మరమరాలే, వీళ్ళు బొరుగులు అంటారు. నీళ్ళలో ఇలా ముంచి అలా పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. మా వైపు మరమరాలు సాయంత్రం ఊసుపోక నమిలేవి. ఇక్కడ పొద్దున్నే పెద్దమనుషులు కూర్చుని గంభీరంగా తింటున్నారు. మిరపకాయ బజ్జీ కొరికాక నా కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే హుస్సేనమ్మ నవ్వి, "కోస్తాలో కారం తినరా ఏంది?" అంది. గుంటూరు జిల్లాదాన్ని పట్టుకుని! నా పరువు పోయింది.

బంగారు అంగళ్ళ వీధి దాటి వెళుతుంటే ఒక పెద్ద అద్దాల షాపు, దాని మీద తెలుగు అక్షరాల్లో 'మ్యాట్రెస్' అని బోర్డు. నా మాట ఇంతదూరం నడిచొచ్చి ఇక్కడ కూర్చుంది కదా అని నేను ముచ్చటపడుతుంటే హుస్సేనమ్మ మూతి విరిచింది.

"అదంతా స్పంజు మేడం. నాలుగేండ్లకు గుంత పడతాది, ఎత్తి బయట ఏసేదే. దూదికి సావు ల్యా. ఎన్నిసార్లయినా ఏకొచ్చు."

హుస్సేనమ్మవాళ్ళు దూదేకులవాళ్ళు, ముస్లింలే, ఇంట్లో మాట మాత్రం తెలుగు. ఉర్దూ రాదా అని అడిగితే హుస్సేనమ్మ, "ఉర్దూ ల్యా. అరబ్బీ అయితే వంటింటి వరకు వచ్చు" అంది. కువైటులో ఒక పెద్ద కుటుంబంలో ఇంటిపని చేసిందట. ఆ ఇంటి ముసలమ్మ రోజూ పొద్దున్నే హాల్లోకి వచ్చి "మత్రహ్, మత్రహ్" అని కేకపెట్టేది. గోడవార దొంతర పెట్టిన సన్న పరుపులు తెచ్చి నేలమీద చుట్టూ వేయాలి. వాటిలో ఒకటి ముసలమ్మది, దూదిది, గడ్డలు కట్టి రాయిలా ఉండేది. దాన్ని చూస్తూ ఊరుకోవడం హుస్సేనమ్మ వల్ల కాలేదు. ఇంట్లోవాళ్ళు లేని పూట మిద్దె మీదికి తీసుకుపోయి, కుట్లు విప్పి, కర్రతో కొట్టి కొట్టి దూది విడదీసి మళ్ళీ కుట్టింది.

"ముసిలామె వచ్చి పరుపు చించినావని నన్ను కొట్టనీకి వచ్చె. నేను ఏం మాట్లాడకుండ దాన్ని ఏసి, కూర్చో అని సైగ చేసినా. కూర్చునె. ఆ పూట అన్నానికి కూడా లేయలా." హుస్సేనమ్మ గర్వంగా నవ్వింది. "మత్రహ్ అంటే పారేసేది కాదు మేడం, ఏసేది. మీ ఇంట్లో పక్క వెయ్యరా?"

పక్క వేయడం! మంచం వేయడం, చాప వేయడం. అరబీ మాటకు నేను నిఘంటువులు తిరగేశాను, మన వేయడం నా నోట్లోనే ఉంది. రాయి అయినా, పరుపు అయినా మనమూ వేస్తూనే ఉన్నాం. ఒప్పుకున్నాను, ఏం చేస్తాను.

వాళ్ళింటికి చేరాక, రొట్టెలకు పిండి కలుపుతుండగా హుస్సేనమ్మకు ఫోను వచ్చింది. చేతిలో పిండి ఉండటంతో స్పీకరు పెట్టింది. అవతల ఒక ఆడమనిషి గొంతు, ఎవరూ వినకుండా మాట్లాడుతున్నట్టు చిన్నగా.

"హుస్సేనమ్మా, యాడుండావే? దినాలు అయిపోతాండాయి. మా మరిది పరుపును వంకలో పారేయాలంటాండాడు. అంతలోపల నువ్వు వచ్చి దూదన్నా తీసి పెట్టవే. నాకు ఇంగేం వద్దు."

"వస్తా లక్షుమ్మక్కా. జమ్మలమడుగులో పని ఒప్పుకున్నాం, అది అయిపోతానే వస్తా" అంది హుస్సేనమ్మ.

లక్షుమ్మ పులివెందుల దగ్గర పల్లెలో రైతు భార్య. పిల్లలు లేరు. వారం పైన అయింది, భర్త నిద్రలోనే గుండె ఆగి పోయాడు, ఆ పరుపు మీదే. చనిపోయిన మనిషి పడకను దినాలు, అంటే మా పెద్దకర్మ, ముగిసిన రోజున ఊరి బయట వంకలో, అంటే ఎండు వాగులో, పారేయడం అక్కడి ఆచారం. మా వైపూ ఇంట్లో ఉంచుకోరు, ఎవరికో ఇచ్చేస్తారు. అయితే ఈ పరుపులో ఉన్నది అంగట్లో కొన్న దూది కాదు. చీనీ, అంటే బత్తాయి, తోట పెట్టకముందు ఆఖరుసారి పత్తి వేసిన ఏడు, ఆ భర్త కొంత పత్తి అమ్మకుండా ఉంచి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని చేత్తో గింజలు తీసి, ఖాసీం చేత కుట్టించిన పరుపు. ఆ తర్వాత గుడ్డలు మారాయి గానీ దూది మారలేదు. ప్రతి మూడు నాలుగేళ్ళకూ వీళ్ళే వెళ్ళి ఏకి వచ్చేవారు.

ఆ సాయంత్రం ఖాసీం మొదటిసారి నోరు విప్పాడు. "సచ్చిపోయినోళ్ళ దూది మిషన్లో ఎయ్యను. తెలిస్తే రేపు మనల్ని ఎవురు పిలుస్తారు?"

హుస్సేనమ్మ ఆయన ముందు రొట్టెల పళ్ళెం పెట్టి లోపలికి పోయింది. నేను కల్పించుకోలేదు. మాట కోసం వచ్చినదాన్ని, నాకెందుకు వచ్చిన గొడవ.

జమ్మలమడుగు: కాపలా

మర్నాడు ఆటోలో ముందు సీటు అంచున నేను, పక్కన హుస్సేనమ్మ. దారికి రెండు వైపులా నల్లరేగడి, శనగ చేలు. ఖాసీం నాకోసం మెల్లగా నడిపాడు, అయినా ప్రతి గుంతా నాకు విడివిడిగా తెలిసింది.

జమ్మలమడుగులో ఒక టీచరుగారింట్లో నాలుగు పరుపులు, దిండ్లు. ఇంటిముందు కడప బండలు పరిచిన జాగాలో పట్టా వేసి పని మొదలుపెట్టారు. పాత పరుపు విప్పితే లోపల దూది బూడిదరంగు గడ్డలుగా ఉంది. మిషను ఒకవైపు నుంచి మింగి రెండోవైపు మేఘంలా ఊదుతుంది. మా ఇంట్లో ఉన్నవి బూరుగు దూది పరుపులు, వాటిని ఎవరూ ఏకరు, చిరిగినప్పుడు ఇల్లంతా ఎగురుతాయి అంతే. పత్తి దూదికి ఈ పునర్జన్మ ఉందని నాకు తెలియదు. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. పొరపాటు. తుమ్ములు మొదలై ఆగలేదు. లేచి చూసుకుంటే తలనుంచి కాళ్ళదాకా తెల్లగా ఉన్నాను.

"ఇంగ నిన్ను కూడా కుట్టేయాల్సిందే మేడం" అని హుస్సేనమ్మ తన కొంగుతోనే నన్ను దులిపింది.

నేను ఆశ్చర్యపోయింది ఇంకో దానికి. టీచరుగారి తల్లి పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని మిషను ఎదుట కూర్చుంది, పని అయ్యేదాకా లేవలేదు. మధ్యాహ్నం భోజనం కూడా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అక్కడే.

"ఏమిటమ్మా ఈ కాపలా, వీళ్ళను నమ్మరా?" అన్నాను.

"నమ్మకం లేక కాదమ్మా. మా దూది మాకే రావల్ల. ఇంగొకరిది కలిస్తే ఎవురు పండుకున్న దూదో ఏమో. నా పెండ్లినాటి దూది ఇది" అందామె. హుస్సేనమ్మ చెప్పింది, ప్రతి ఇంట్లోనూ ఇలాగే ఎవరో ఒకరు కూర్చుంటారట. దాన్ని అవమానం అనుకోరట, కూర్చోకపోతేనే వీళ్ళు ఎవరినైనా కూర్చోమని పిలుస్తారట. ఖాసీం భయం నాకు అప్పుడు అర్థమైంది. మిషన్లో చనిపోయినవాళ్ళ దూది పడిందని పుకారు పుడితే చాలు, ఇక ఏ ముసలమ్మా వీళ్ళ ముందు కుర్చీ వేసుకోదు.

ఊళ్ళో లాడ్జిలో గదికి ఆరువందలు తీసుకున్నారు. అక్కడి పరుపు స్పంజుది, మధ్యలో గుంత. పొద్దున్నే హుస్సేనమ్మకు ఆ సంగతి చెప్పకుండా దాచాను.

గండికోట: గుడారాల పక్కలు

గండికోటకు కూడా పనిమీదే పోయాం. లోయ చూడటానికి వచ్చేవాళ్ళకు గుడారాలు అద్దెకిచ్చే ఒకాయన సన్న పరుపులు పది ముందే కుట్టి తెమ్మన్నాడు. అవి దించుతుండగా బెంగుళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు గుడారంలోంచి తల బయటపెట్టి, "మ్యాట్రెస్ ఎక్స్‌ట్రా ఉందా?" అని అడిగారు. హుస్సేనమ్మ ఒకటి తీసి వాళ్ళ ముందు నేలమీద విసిరింది. దబ్బున పడి పరుచుకుంది. అరబ్బుల మాట అరబ్బులు అన్నట్టుగానే జరిగింది, నేను తప్ప ఎవరూ గమనించలేదు.

లోయ అంచున నిలబడ్డాను. కింద పచ్చగా నీళ్ళు, పైన రాతిపొరలు ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు. గాలికి నా కళ్ళజోడు ఊడి బండ మీద పడింది, లోయలో పడలేదు, అదృష్టం. ఒకామె దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు కొన్నాను, ఇరవై రూపాయలకు కొంగునిండా. మా వైపు వేరుశనగ అంటాం అంటే ఆమె, "అట్లంటే ధర పెరుగుతాదా?" అని అడిగింది.

హుస్సేనమ్మకు లోయ మీద దృష్టి లేదు. ఆమె ఫోనే చూసుకుంటోంది. లక్షుమ్మ పొద్దున్నుంచీ ఎత్తడం లేదు.

"ఈ రోజే దినాలు మేడం. మాపటికి పారేస్తారు, అంతలోపల పోవల్ల" అంది.

"పోయి ఏం చేస్తావే?" అన్నాడు ఖాసీం.

"దూది తీసి ఇస్తా. నువ్వు ఏకొద్దులే, ఊరికే ఉండు" అంది. ఖాసీం పట్టా బిగించి ఆటో ఎక్కాడు.

ముద్దనూరు దారిలో

తొందరలో ఉన్నప్పుడే టైరు పోతుంది. ముద్దనూరు దాటాక పోయింది. స్టెప్నీ ముందే పంచరై ఉంది. ఖాసీం చక్రం భుజాన వేసుకుని దారినపోయే బైకు ఎక్కి వెళ్ళాడు. మేమిద్దరం ఎండలో బండరాతి కంచె నీడన కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకున్నాం.

"ఆ దూది లేకపోతే లక్షుమ్మగారికి ఏమవుతుందండీ?" అని అడిగాను.

"ఏమైతాది, ఏం కాదు. బువ్వ తింటాది, తోట సూసుకుంటాది." హుస్సేనమ్మ పొట్టు ఊదేసింది. "పోయినసారి మేం ఏకేటప్పుడు ఆయమ్మ కుర్చీ ఏసుకొని కూర్చోలా. ఆయప్పే, ఆమె మొగుడే కూర్చునె. పొద్దుగూకులూ. ఒగ పింజ గాలికి పోతే పరిగెత్తి పట్టుకొచ్చె. అది సూసి మేమంతా నగినాం. ఆయమ్మ నిన్న రాత్రి మళ్ళా ఫోను చేసి ఆ మాటే చెప్పి ఏడ్చింది. ఆయప్ప పట్టుకొచ్చిన పింజ కూడా అందులోనే ఉండాది కదే అని."

నేను ఒలుస్తున్న కాయ కిందపెట్టాను. మాట కోసం వచ్చానని పొద్దుటిదాకా అనుకున్నందుకు నాకే సిగ్గనిపించింది. ఆటో ఎప్పుడు కదులుతుందా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పులివెందుల పక్క పల్లె: వంకలో

పులివెందులలో అన్నానికి ఆగలేదు. అరటితోటలు, చీనీతోటలు దాటి పల్లె చేరేసరికి ఎండ వాలింది. ఇంటిముందు కుర్చీలు, ఎంగిలి విస్తళ్ళు, దినాలకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. లక్షుమ్మ గడప లోపల నిలబడి ఉంది. కొంతకాలం ఆమె గడప దాటకూడదు. మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపింది, అంతే.

ఆమె మరిది తిరుపాల్రెడ్డి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. చనిపోయినాయనకు ఒక్కడే తమ్ముడు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ రోజు యాడ పరుపులు కుట్టేది హుస్సేనమ్మా, పొండి" అన్నాడు.

"పరుపు ఏం చేసినావప్పా?"

"వంకలో ఏసి వచ్చినాం."

"ఎవరికన్నా ఇచ్చినారా, పారేసినారా?"

"పారేసినాం అంటాండా కదా!"

"ఇయ్యలేదు కదా ఎవరికీ?"

ఆయనకు విసుగొచ్చింది. "పారేసినాం తల్లీ. సచ్చిపోయినోని పరుపు ఎవరికిస్తారు?"

"సరే అప్పా" అని హుస్సేనమ్మ వెనక్కి తిరిగింది. ఇన్నిసార్లు ఎందుకు అడిగిందో నాకు బోధపడలేదు. ఆటో ఎక్కాక చెప్పింది. ఇస్తే అది తీసుకున్నవాళ్ళది, వాళ్ళ దగ్గరికి పోయి అడగాలి. పారేస్తే ఎవరిదీ కాదు. ఎవరు ఎత్తుకుంటే వాళ్ళది. "ఇప్పుడు అది నాది" అంది.

వంకలో చుక్క నీరు లేదు. తుమ్మకంప మధ్య పరుపు సగం మడతపడి ఉంది. ఖాసీం గట్టుమీదే ఆగిపోయాడు. హుస్సేనమ్మ చీర ఎగ్గట్టి దిగింది. నేనూ దిగాను, ముళ్ళు గీరుకున్నాయి. బ్లేడుతో కుట్లు కోసి, పాత గుడ్డను అక్కడే వదిలేసి, దూదిని దుప్పట్లో మూటగట్టాం. అరవై దాటిన ఇంగ్లీషు టీచరు వాగులో దూది దొంగతనం చేస్తోంది. చూసినవాళ్ళెవరూ లేరు గనుక రాస్తున్నాను.

పులివెందులలో వాళ్ళ చుట్టాల ఇంటి వెనక, రేకుల కింద హుస్సేనమ్మ మూట విప్పి కర్ర తీసుకుంది. కువైటులో చేసినట్టే కొట్టడం మొదలుపెట్టింది. దూది విడిపోయేది తక్కువ, ఎగిరేది ఎక్కువ. పైన పింజలు, కింద గడ్డలు. ఖాసీం కాసేపు చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు.

"అట్ల కొడతారా ఎవరన్నా? పోగులన్నీ తెగిపోతాండాయి!"

"నువ్వు మిషన్లో ఎయ్యనంటివి కదా, ఊరికే ఉండు."

"అది నేను కుట్టిన దూదే. నాశనం చేస్తాండావు."

"చెయ్యనీ. సచ్చిపోయినోళ్ళది కదా."

ఖాసీం లేచి కర్ర లాక్కున్నాడు. గడ్డ ఒకటి తీసి వేళ్ళమధ్య విడదీసి చూశాడు. "శానా మంచి పోగు" అని తనలో తానే అనుకున్నాడు. తర్వాత మిషను మీద పట్టా తీశాడు. "మా నాయన ఒగ మాట అంటాండె. ఏకినంక దూది కొత్తదే అని. ఎవరిదన్నా కానీ, ఏకుడు పడేవరకే వాళ్ళది." పని అయ్యాక మిషనంతా విప్పి, పోగు మిగలకుండా దులిపి, నీళ్ళు చల్లి తుడిచాడు. ఇంకొకరి దూదిలో ఇది కలవకూడదు, దీనిలోనుంచి ఒక్క పింజ పోకూడదు.

కొత్త చారల గుడ్డ తెచ్చి కుట్టేటప్పుడు నేను కొస పట్టుకున్నాను. దబ్బనం నా వేలిలో దిగింది. కొలత ఎంత అని అడిగితే, పాత కొలతే అంది హుస్సేనమ్మ, ఇద్దరు పడుకునేంత.

"ఊరికే ఇచ్చేస్తావా ఆమెకు?" అన్నాను.

"ఊరికే ఇస్తే పాతది తిరిగిచ్చినట్టు మేడం. కొనల్ల. బేరమాడి కొనల్ల. అప్పుడే కొత్తది."

మళ్ళీ అదే గడప

పొద్దున్నే ఆటో మైకులో "పరుపులు, దిండ్లు కుడతాం" అని అరుస్తూ, అదే ఊళ్ళోకి, ఏమీ ఎరగనివాళ్ళలా వెళ్ళాం. లక్షుమ్మ గడపలోకి వచ్చింది. హుస్సేనమ్మ పరుపు దించి ఆమె ముందు వాల్చింది. లక్షుమ్మ వంగి చెయ్యి పెట్టింది. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇక ఏడ్చేస్తుంది, అంతా బయటపడుతుంది అనుకున్నాను. ఆమె తలెత్తి, "ఎంత?" అంది.

"నాలుగువేలు."

"నాలుగువేలా! ఇదేమన్నా పట్టుబట్టా? రెండువేలిస్తా."

"రెండువేలకు గుడ్డ వస్తాదా అక్కా? దూది సూడు, ఎట్లుండాదో."

"ఏం దూది, నేను సూడని దూదా!" అని ఆమె ఒక్క క్షణం ఆగి, "రెండున్నర. అంతే" అంది గట్టిగా. చెయ్యి మాత్రం పరుపు మీదనుంచి తీయలేదు.

తిరుపాల్రెడ్డి పంచె సర్దుకుంటూ వచ్చాడు. పరుపు చుట్టూ తిరిగాడు. పిడికిలితో మధ్యలో గుద్ది, అది తిరిగి లేచేదాకా చూశాడు. కుట్టు పక్కన తేలిన ఒక పింజను లాగి, వేళ్ళతో సాగదీసి, చాలాసేపు పట్టుకున్నాడు. ఆయనా పత్తి పండించినవాడే.

"యాడిది ఈ దూది?"

"మాది అప్పా" అంది హుస్సేనమ్మ.

"ఏ చేన్లోది?"

"ఏకినంక చేను యాడ కనపడతాది?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఖాసీం బిగించి ఉన్న పట్టా తాడునే మళ్ళీ బిగిస్తున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిరుపాల్రెడ్డి మా ఇద్దరినీ చూసి, వదిన వైపు తిరిగాడు.

"ఒంటి మనిషికి ఇంత వెడల్పేంది వదినా?"

లక్షుమ్మ తల వంచుకోలేదు. "నేను పొర్లాడతా" అంది.

ఆయన పింజను పారేయలేదు, మళ్ళీ కుట్టు సందులోకి వేలితో దోపాడు.

"హుస్సేనమ్మా, నేను పారేసింది పారేసినా. నువ్వు అమ్మింది అమ్మినావు. నడుమ సంగతి నాకు చెప్పొద్దు. మూడువేలకు తెగ్గొట్టు." ఆ తర్వాత ఖాసీంతో, "ఆ కొస పట్టప్పా" అన్నాడు.

ఇద్దరూ మోసుకుని లోపలికి పోయారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. లోపల మంచం కిటికీ పక్కన ఉంది. పరుపు వేశారు. లక్షుమ్మ డబ్బులు తెచ్చి హుస్సేనమ్మ చేతిలో పెట్టి, వెనక్కి పోయి ఇవతలి సగంలో ముడుచుకుని పడుకుంది. కిటికీ వైపు సగం మీద చెయ్యి చాపింది. తిరుపాల్రెడ్డి బయటికి వచ్చి చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.